రెండు రాత్రుల వినోనా: మిసిసిపీ ఒడ్డున ఒక చిన్న ఊరిని తీరిగ్గా చూడటం ఎలా

మిన్నియాపొలిస్ నుంచి చికాగోకి కారులో వెళ్లే మనవాళ్లు చాలామంది దారిలో విస్కాన్సిన్ డెల్స్‌లో ఆగి, పిల్లల్ని వాటర్ పార్కులో ఆడించి, మళ్లీ హైవే ఎక్కేస్తారు. మిసిసిపీ మీద వంతెన దాటడానికి అర నిమిషం పడుతుంది. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు కిటికీలోంచి తొంగి చూసి, "ఇదేనా మిసిసిపీ?" అని అడిగేలోపే నది వెనక్కి వెళ్లిపోతుంది. చిన్నప్పుడు భూగోళం పుస్తకంలో చదువుకున్న నది అది. దాన్ని కాసేపు కూర్చుని చూడాలనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ఊరి పేరు వినోనా. మిన్నెసోటా రాష్ట్రం ఆగ్నేయ మూలన, నది ఒడ్డునే ఉంటుంది. అవతలి ఒడ్డు విస్కాన్సిన్. జనాభా దాదాపు 26 వేలు. మిన్నియాపొలిస్ నుంచి రెండు గంటలు, రాచెస్టర్ నుంచి గంటలోపు, చికాగో నుంచి అయిదు గంటల ప్రయాణం. మేయో క్లినిక్ పని మీద రాచెస్టర్‌లో రోజుల తరబడి ఉండాల్సి వచ్చినవాళ్లకు ఒక పూట మనసు తేలికపడటానికి కూడా ఇది మంచి చోటు.

ఈ ఊరిని చూడటానికి ఒక వరస ఉంది. ముందు కొండెక్కి నదిని పైనుంచి చూడాలి. తర్వాత నీళ్లలోకి దిగాలి. ఊళ్లోకి ఆఖరున వెళ్లాలి. మొదటిసారి మేం ఈ వరస తిరగేశాం. నేరుగా డౌన్‌టౌన్‌లో కారు ఆపి, రెండు వీధులు తిరిగి, ఒడ్డున ఫోటో దిగి, మూడు గంటల్లో బయల్దేరాం. పాత ఇటుక భవనాలు, ఎక్కడ చూసినా రంగు అద్దాలు, ఇంత చిన్న ఊరికి అంత పెద్ద బ్యాంకులు. వాటికి కారణమేమిటో ఒక్కటీ అర్థం కాలేదు. రెండోసారి కొండ మీద నుంచి మొదలుపెట్టాక ఆ చిక్కుముడి దానంతట అదే విడిపోయింది. అందుకే మీకూ అదే వరసలో చెబుతున్నాను.

ముందుగా ఏ నెలలో వెళ్లాలో తేల్చుకోండి

మీరు ఏం చూడాలనుకుంటున్నారన్నదాన్ని బట్టి నెల మారుతుంది. నీళ్ల మీద తిరగాలంటే జూన్ నుంచి సెప్టెంబర్ దాకా బాగుంటుంది. ఏప్రిల్, మేలో ఉత్తరాన మంచు కరిగి నది పొంగుతుంది. అప్పుడు పడవ జోలికి పోవద్దు. తామరపూలు చూడాలంటే జూలై చివర, ఆగస్టు మొదట వెళ్లండి. ఆకులు రంగు మారడం అక్టోబర్ మొదటి రెండు, మూడు వారాల్లో ఉంటుంది. ఆ వారాంతాల్లో హోటల్ దొరకడం కష్టం, కనీసం నెలన్నర ముందు బుక్ చేసుకోండి. నవంబర్ మొదట్లో, మధ్యలో ఉత్తర ధ్రువ ప్రాంతాల నుంచి వలస వచ్చే టండ్రా హంసలు ఈ పాయల్లో దిగుతాయి. వాటి కోసం వినోనా నుంచి దక్షిణంగా గంట దూరంలో ఉన్న బ్రౌన్స్‌విల్ దగ్గర, హైవే 26 పక్కన, ప్రత్యేకంగా చూసే చోటు కట్టారు. వేల హంసలు ఒక్కసారి కూస్తుంటే కారు అద్దాలు మూసి ఉన్నా లోపలికి వినిపిస్తుంది.

జూన్ చివర నుంచి జూలై దాకా ఒక ఇబ్బంది ఉంటుంది. మేఫ్లై అనే, ఈసుళ్లలాంటి రెక్కల పురుగులు నదిలోంచి ఒకే రాత్రి కోట్లల్లో లేస్తాయి. వాతావరణ రాడార్ మీద వాన మేఘంలా కనిపించేంత గుంపు అది. కుట్టవు, ఏమీ చేయవు. దీపం కనబడితే మాత్రం మీద పడతాయి, రోడ్డు జారుడుగా మారుతుంది. ఆ రాత్రి వంతెన మీద నెమ్మదిగా నడపండి. నది శుభ్రంగా ఉంటేనే అవి పుడతాయి కాబట్టి స్థానికులు వాటిని చూసి సంతోషిస్తారు.

వెళ్లడం, దిగడం

కారు లేకపోయినా ఫర్వాలేదు. చికాగో నుంచి సియాటిల్, పోర్ట్‌ల్యాండ్ వెళ్లే ఆమ్‌ట్రాక్ రైలు ఎంపైర్ బిల్డర్ ఇక్కడ ఆగుతుంది. 2024 మేలో చికాగో, సెయింట్ పాల్ మధ్య బొరియాలిస్ అనే ఇంకో రైలు కూడా మొదలైంది. సెయింట్ పాల్ నుంచి రెండు గంటల ప్రయాణం. ఎక్కేటప్పుడు ఎడమవైపు కిటికీ చూసుకోండి, హేస్టింగ్స్ దాటాక నది ఆ పక్కనే వస్తుంది. తిరుగు ప్రయాణంలో కుడివైపు కూర్చోండి. స్టేషన్ నుంచి నది ఒడ్డుకి సుమారు ఒక మైలు.

కారులో అయితే మిన్నెసోటా వైపు హైవే 61 పట్టుకోండి. రెడ్ వింగ్, లేక్ సిటీ, వాబషా మీదుగా నది పక్కనే వస్తుంది. జీపీఎస్ కొన్నిసార్లు రాచెస్టర్ మీదుగా పొలాల దారి చూపిస్తుంది. పది, పదిహేను నిమిషాలు కలిసొస్తాయన్న మాటేగానీ చూసేదంతా పోతుంది.

హోటల్ ఎంచుకునేటప్పుడు ఒక్క సంగతి. ఊరి మధ్యలోంచి గూడ్సు రైళ్లు రాత్రంతా తిరుగుతాయి, ప్రతి గేటు దగ్గరా హారన్ కొడతాయి. నిద్ర పలచగా ఉన్న పెద్దవాళ్లు వెంట ఉంటే పట్టాలకు దూరంగా గది అడగండి. పగలు కూడా గేటు పడితే పది నిమిషాలు ఆగాల్సి రావచ్చు కాబట్టి నాటకానికో రైలుకో వెళ్లాల్సి ఉంటే ముందే బయల్దేరండి.

తిండి మాట ఇక్కడే చెప్పేస్తాను. మన భోజనం మీద ఆశ పెట్టుకుని రావద్దు. శాకాహారులు రాచెస్టర్‌లోనో, విస్కాన్సిన్ వైపున్న లా క్రాస్‌లోనో సరుకులు కొనుక్కుని, గదిలో చిన్న రైస్ కుక్కర్ పెట్టుకోవచ్చో లేదో హోటల్‌ని అడిగి తెచ్చుకోవడం మంచిది. మొదటి రోజుకి పులిహోర, రెండో రోజుకి చపాతీలు, ఒక పచ్చడి సీసా. నది ఒడ్డున లెవీ పార్కులో బల్ల మీద కూర్చుని పులిహోర తింటే ఏ రెస్టారెంటూ గుర్తు రాదు.

మొదటి సాయంత్రం: కొండ మీదికి

గదిలో సామాను పెట్టేసి, సూర్యుడు దిగడానికి గంటన్నర ముందు గార్విన్ హైట్స్‌కి వెళ్లండి. పైదాకా కారు వెళ్తుంది. పార్కింగ్ నుంచి చూసే చోటుకి కొన్ని నిమిషాల నడక, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కూడా నెమ్మదిగా వెళ్లగలరు. కింద ఊరి కంటే 500 అడుగులకు పైగా ఎత్తు.

అక్కడ నిలబడి ముందు ఊరిని వదిలేసి నీళ్లని చూడండి. కొండ కింద ఒక చెరువు కనబడుతుంది, దాని వెనక ఊరు, దాని వెనక నది. ఆ చెరువు పేరు లేక్ వినోనా. ఒకప్పుడు అది కూడా నదీ పాయే. అంటే ఊరు ఉన్నది రెండు నీళ్ల మధ్య ఇసుక మేట మీద. గోదావరి జిల్లాల వాళ్లకి ఇంకో మాట అక్కర్లేదు. వినోనా ఒక లంక. నదికి అవతలా ఇవతలా పాయలు, మడుగులు, పచ్చటి దీవులు చెల్లాచెదురుగా కనిపిస్తాయి. పాపికొండల మధ్య గోదావరిని చూసినవాళ్లకి కొండల నడుమ నీటి వంపు పరిచయమున్నదే. కాకపోతే ఇక్కడ లోయ చాలా వెడల్పు.

ఈ కొండల్ని అక్కడ బ్లఫ్‌లు అంటారు. చుట్టుపక్కల మిడ్‌వెస్ట్ అంతా బల్లపరుపుగా ఉంటే ఇక్కడే కొండలెందుకు? మంచుయుగంలో ఉత్తరం నుంచి వచ్చిన మంచు పలకలు చుట్టూ నేలని చదును చేశాయి, ఈ ప్రాంతాన్ని మాత్రం ఆఖరి విడతలో తాకకుండా పక్కల నుంచి వెళ్లిపోయాయి. ఆ మంచు కరిగిన నీళ్లు పోటెత్తి ఈ లోయని ఇంత లోతుగా కోశాయి. అందుకే దీన్ని డ్రిఫ్ట్‌లెస్ ప్రాంతం అంటారు, మంచు మోసుకొచ్చే రాళ్ల మేట లేనిది అని అర్థం.

ఇదే ఇసుక నేల మీద డకోటా జాతి ప్రజల ఊరు ఉండేది, నాయకుడి పేరు వాపషా. 1851లో జరిగిన ఒప్పందాలతో వాళ్ల నేల చేజారింది, అదే ఏడాది ఆవిరి పడవ కెప్టెన్ ఒకాయన మనుషులు ఇక్కడ దిగి స్థలాలు గుర్తులు పెట్టుకున్నారు. వినోనా అన్నది డకోటా భాషలో తొలిచూలు ఆడపిల్లకి పెట్టే పేరు. ఊరి పేరు పలికేటప్పుడల్లా ఆ ప్రజల భాష పలుకుతున్నామని పిల్లలకి అక్కడే చెప్పండి.

ఓపిక ఉంటే మర్నాడు పొద్దున్నే షుగర్ లోఫ్ ఎక్కవచ్చు. హైవే 61 మీద నుంచి ఎక్కడున్నా కనబడే కొండ అది, పైన కోటబురుజులా 85 అడుగుల రాయి నిలబడి ఉంటుంది. అది పూర్తిగా ప్రకృతి చేసింది కాదు. 19వ శతాబ్దంలో కొండ పైభాగాన్ని రాళ్ల కోసం తవ్వేయగా మిగిలిన ముక్క అది. దారి పొట్టిదేగానీ నిటారు. రాయి పాదం దాకా వెళ్లి ఆగండి, పైకి తాళ్లతో ఎక్కడం వచ్చినవాళ్లు మాత్రమే వెళ్లాలి.

ఇంకా ఎక్కాలనిపిస్తే ఉత్తరంగా 12 మైళ్ల దూరంలో జాన్ ఎ. లాట్ష్ స్టేట్ పార్క్ ఉంది. మౌంట్ చారిటీ పైకి 592 మెట్లు. అలిపిరి దారిలో మొక్కుబడి తీర్చుకున్న కాళ్లకి ఇది పెద్ద లెక్క కాదు, అయినా నీళ్ల సీసా తీసుకెళ్లండి. మెట్లకి మరమ్మతులు ఉన్నాయేమో వెళ్లేముందు పార్కు వెబ్‌సైట్‌లో చూసుకోండి. మిన్నెసోటా స్టేట్ పార్కుల్లోకి కారుకి పర్మిట్ కావాలి.

ఈ లాట్ష్ గురించి రెండు మాటలు. ఆయన వినోనాలో కిరాణా వ్యాపారి. చేపలు పట్టడమంటే ప్రాణం. ఒకసారి నదిలో తుపాను గాలికి చిక్కి ఒడ్డుకి చేరితే, ఆ భూమి యజమాని దిగనివ్వకుండా తరిమేశాడని ఊళ్లో చెప్పుకుంటారు. ఆ తర్వాత ఆయన నది ఒడ్డున దొరికిన భూమి దొరికినట్టు కొని, జనం తిరగడానికి ఇచ్చేశాడు. విస్కాన్సిన్ వైపున్న పెరో స్టేట్ పార్క్, ఊరి పక్కన ప్రెయిరీ ఐలాండ్, ఆయన పేరుతో ఉన్న పార్కు, అన్నీ ఆయన చలవే. కోపాన్ని ఇంత పెద్ద దానంగా మార్చుకున్న మనిషి గురించి నేను ఇంకెక్కడా వినలేదు. మీరు రేపు ఎవరి అనుమతీ అడక్కుండా నీళ్లలోకి దిగబోతున్నది ఆయన కొన్న నేల మీద నుంచే కావచ్చు.

రెండో రోజు పొద్దున: నీళ్లలోకి

ఇది ఈ ప్రయాణానికి గుండెకాయ, దీనికి పూట మొత్తం ఇవ్వండి. కనూ, కయాక్ అనే తెడ్డు వేసి నడిపే చిన్న పడవలు అద్దెకి దొరుకుతాయి. ముందురోజే ఫోన్ చేసి వేళ, ధర, లైఫ్ జాకెట్ల సైజులు కనుక్కోండి. పక్కా కనూల ఊరు ఇది. 1967లో మొదలైన వెనోనా కనూ కంపెనీ ఇక్కడిదే, వాళ్ల తేలికైన పడవలు దేశమంతా వెళ్తాయి.

నది నడి ప్రవాహంలోకి వెళ్లకండి. అక్కడ బార్జీలు, అంటే సరుకు మోసే పెద్ద బల్లపరుపు పడవలు, తిరుగుతాయి. ఒక టగ్గు పదిహేను బార్జీలని కట్టగట్టి తోసుకొస్తుంది, మొత్తం వెయ్యి అడుగులు దాటుతుంది. ఆపాలనుకున్నా అది మైలు దూరంలోగా ఆగదు, మిమ్మల్ని చూడలేకపోవచ్చు కూడా. మీ చోటు పక్క పాయలు. ప్రెయిరీ ఐలాండ్ దగ్గర నుంచి దిగితే చెట్ల నీడలో మెల్లగా సాగే పాయలు ఉన్నాయి.

బయల్దేరేటప్పుడు ఇది గుర్తుంచుకోండి: ముందు ఎదురు ప్రవాహంలో వెళ్లండి, తిరిగి వచ్చేటప్పుడు వాలు రావాలి. మేం ఒకసారి హాయిగా ఉందని వాలుకి పోయి, తిరిగి వచ్చేటప్పుడు గాలి కూడా ఎదురై, అరగంట దూరానికి రెండు గంటలు తెడ్డు వేశాం. పిల్లవాడు ఏడుపు, నీళ్ల సీసాలు ఖాళీ. గాలి గంటకి 15 మైళ్లు దాటుతుందని ఫోన్ చెబితే ఆ పూట పడవ మానేసి చెరువు చుట్టూ నడవండి.

పదేళ్లలోపు పిల్లలకి లైఫ్ జాకెట్ తొడగడం మిన్నెసోటాలో చట్టం. పెద్దవాళ్లు కూడా తొడుక్కోండి. ఈత వచ్చినా సరే, ఈ నీళ్ల కింద చెట్ల మోడులుంటాయి. ఫోన్‌ని జిప్ కవర్లో పెట్టండి. చేప పట్టాలనుకుంటే 16 ఏళ్లు దాటినవాళ్లకి లైసెన్స్ కావాలి, ఆన్‌లైన్లో తీసుకోవచ్చు.

ఇప్పుడు తామరల సంగతి. ఆగస్టు మొదట్లో వెళ్తే పాయ మలుపు తిరగగానే ఒక్కసారి నీళ్లు కనబడకుండా పోతాయి. పళ్లెమంత ఆకులు, కొన్ని నీటి మీద పరుచుకుని, కొన్ని కాడల మీద గొడుగుల్లా లేచి ఉంటాయి. వాటి మధ్య లేత పసుపు పూలు, దోసిలి పట్టేంత. మన చెరువుల్లో తామర గులాబీ, తెలుపు. ఇది అమెరికా తామర. ప్రపంచం మొత్తం మీద తామరలో ఉన్నది రెండే జాతులు, ఒకటి మనది, ఒకటి వీళ్లది. తెడ్డు ఆపి, వేలితో నాలుగు చుక్కలు ఆకు మీద వేసి చూడండి. చుక్క పగలకుండా ముత్యంలా దొర్లి, ఆకు మధ్య గుంటలో చేరి, ఆకు ఊగినప్పుడల్లా అటూ ఇటూ తిరుగుతుంది. తామరాకు మీద నీటిబొట్టు అని చిన్నప్పటి నుంచి అంటూనే ఉన్నాం. దాన్ని మా అమ్మాయి మొట్టమొదట కళ్లారా చూసింది మిసిసిపీలో. పూవు కోయకండి, ఇది రక్షిత ప్రాంతం.

రక్షిత ప్రాంతం అన్నది మామూలు మాట కాదు. ఈ పాయలన్నిటినీ ఎండగట్టి పొలాలు చేయాలని 1920లలో ఒక ప్రయత్నం జరిగింది. విల్ డిల్గ్ అనే చేపల వేటగాడు, ఆయన పెట్టిన ఐజాక్ వాల్టన్ లీగ్ సభ్యులు పట్టుబట్టి 1924లో అమెరికా కాంగ్రెస్ చేత ఈ నదీ తీరాన్ని వన్యప్రాణి ఆశ్రయంగా ప్రకటింపజేశారు. నది పొడవునా 261 మైళ్లు, 2 లక్షల 40 వేల ఎకరాలు. దాని ప్రధాన కార్యాలయం వినోనాలోనే ఉంది.

ఒడ్డున గడ్డిలో నడిచేటప్పుడు పొడుగు ప్యాంటు, సాక్సు తప్పనిసరి. ఇక్కడ జింక పిడుదుల వల్ల లైమ్ జ్వరం వస్తుంది. గదికి వచ్చాక పిల్లల మెడ వెనక, మోకాళ్ల వెనక, తలలో చూడండి. దారి పక్కన నడుమెత్తు పెరిగే పసుపు పూల మొక్క ఒకటి ఉంటుంది, వైల్డ్ పార్స్‌నిప్ అంటారు. దాని రసం అంటిన చోట ఎండ తగిలితే చర్మం కాలినట్టు పొక్కుతుంది. సోంపు మొక్కలాంటి పూల గుత్తి చూసి ముచ్చటపడి కోయకండి.

మధ్యాహ్నం: అవతలి ఒడ్డు, నీటి మెట్టు

వంతెన దాటి విస్కాన్సిన్ హైవే 35 మీద దక్షిణంగా అరగంట వెళ్తే ట్రెంపలో అనే పల్లె వస్తుంది. నీళ్లలో నానే కొండ అని ఫ్రెంచి వర్తకులు పెట్టిన పేరులోంచి వచ్చిన మాట. పెరో స్టేట్ పార్క్ దాని పక్కనే, బ్రేడీస్ బ్లఫ్ ఎక్కితే ఆ నానే కొండ నిజంగానే నాలుగు వైపులా నీళ్లతో కనబడుతుంది.

ఈ పల్లెలో నేను తప్పకుండా చూడమనేది లాక్ అండ్ డ్యామ్ నంబర్ 6. పడవలు నడిచేంత లోతు, అంటే 9 అడుగులు, నది అంతటా ఉండాలని 1930లలో వరసగా కట్టిన ఆనకట్టల్లో ఇదొకటి. ఆనకట్ట కడితే నది మెట్లు మెట్లుగా మారుతుంది కదా, పడవ ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకి దిగడానికి ఈ లాక్. ఒడ్డునే చూసే వేదిక ఉంది, టిక్కెట్టు లేదు.

అదృష్టం బాగుండి బార్జీల వరస వస్తే కదలకండి. లాక్ గది పొడవు 600 అడుగులు, వచ్చేదేమో వెయ్యి పైన. అందుకని మధ్యలో ఇనుప తాళ్లు విప్పి రెండు ముక్కలు చేస్తారు. ముందు తొమ్మిది బార్జీలు లోపలికి వస్తాయి. పక్క గోడలకీ వాటికీ మధ్య సందు చాలా తక్కువ. వెనక గేటు మూసుకుంటుంది. మోటార్లు లేవు, పంపులు లేవు, కేవలం వాలు బలంతోనే నీళ్లు కిందికి పోతాయి. గోడ మీద తడి గీత పెరుగుతూ వస్తుంటే పడవ దిగుతున్నట్టు తెలుస్తుంది. ముందు గేటు తెరుచుకుని, అవి బయటికి వెళ్లి ఆగుతాయి. మళ్లీ నీళ్లు నింపి, మిగతా ఆరు బార్జీలతో టగ్గు. ఇదంతా గంటన్నర, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. మొక్కజొన్న, సోయా దక్షిణానికి వెళ్తాయి, ఎరువులు, ఉప్పు పైకి వస్తాయి. ధవళేశ్వరం దగ్గర పడవల లాకులు చూసి పెరిగిన మా నాన్నగారు ఇక్కడ కుర్చీ వేసుకుని రెండు గంటలు లేవలేదు.

ఆకలేస్తే పక్కనే ట్రెంపలో హోటల్ ఉంది. 1871 నాటి కట్టడం. వాల్‌నట్ బర్గర్‌కి పేరు, మాంసం బదులు అక్రోట్ పప్పుతో చేస్తారు. శాకాహారులకి ఈ చుట్టుపక్కల ఇంత మంచి భోజనం ఇంకోటి నాకు తెలియదు. గుడ్డు, చీజ్ విషయం మాత్రం అడిగి తీసుకోండి.

మూడో రోజు: ఇప్పుడు ఊళ్లోకి

పైనుంచి చూశారు, నీళ్లలో తిరిగారు. ఇప్పుడు ఊరు చెప్పే కథ వినబడుతుంది.

ముందు లెవీ పార్కు. ఒడ్డున గోడలా కట్టిన గట్టు చూడండి. 1965 ఏప్రిల్‌లో ఇక్కడ రికార్డు వరద వచ్చింది, జనం రాత్రింబవళ్లు ఇసుక బస్తాలు వేసి ఊరిని కాపాడుకున్నారు. కోనసీమలో 1986 వరద చూసినవాళ్లకి గట్టు అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. ఎదురుగా లాట్ష్ ఐలాండ్‌లో నీటి మీద తేలే ఇళ్లుంటాయి. పొడుగు స్తంభాలకి కట్టిన ఇళ్లవి, నది పెరిగితే స్తంభం వెంట పైకి, తగ్గితే కిందికి. అందులో మనుషులు కాపురముంటారు కాబట్టి దూరం నుంచే చూడండి, వాళ్ల చెక్కల మీదికి ఎక్కవద్దు.

తర్వాత ఊరి తూర్పు చివరకి వెళ్లండి. 19వ శతాబ్దంలో విస్కాన్సిన్ పైన్ అడవుల కలప తెప్పలుగా కట్టి నది మీద వదిలితే వినోనాలో రంపపు మిల్లులకి చేరేది. భద్రాచలం అడవుల వెదురు, కలప తెప్పలు రాజమండ్రి రేవులో దిగిన రోజుల గురించి పెద్దల నోట విన్నవాళ్లకి ఇది తెలిసిన కథే. ఆ మిల్లుల్లో పనికి ఉత్తర పోలండ్ తీరం నుంచి కషూబియన్లు అనే ప్రజలు వచ్చారు. వాళ్ల భాష పోలిష్‌కి దగ్గరదే అయినా వేరు. అమెరికాలో కషూబియన్ల రాజధాని అని వినోనాకి పేరు. కూలి డబ్బుల్లోంచి వాళ్లు కట్టుకున్న సెయింట్ స్టానిస్లాస్ గుడి 1890లది, 2011లో బసిలికా అనే ప్రత్యేక గౌరవ హోదా పొందింది. లోపల ప్రార్థన జరగని వేళ చూసి వెళ్లి, వెనక బెంచీలో కూర్చోండి. పొద్దుటి ఎండ రంగు అద్దాల్లోంచి నేల మీద పడి, ఎర్ర మరక నీలం మరకలోకి జరగడం కాసేపు చూస్తే తెలుస్తుంది. దగ్గర్లోనే పోలిష్ మ్యూజియం, ఒకప్పటి కలప కంపెనీ ఆఫీసులో నడుస్తోంది. తెరిచే వేళలు ముందే కనుక్కోండి.

కలప డబ్బు ఎక్కడికి పోయిందో డౌన్‌టౌన్‌లో కనబడుతుంది. 1912లో కట్టిన మర్చంట్స్ బ్యాంకు ఇప్పటికీ బ్యాంకే. ఇటుక పెట్టెలా ఉన్న ఆ కట్టడం గోడ పొడవునా రంగు అద్దం. వారం మధ్యలో పని వేళల్లో లోపలికి వెళ్లి, కౌంటర్లో వాళ్లని పలకరించి చూడవచ్చు. ఆదివారం వెళ్తే బయటి నుంచే చూడాలి, అందుకే వీలైతే ఈ మూడో రోజు శుక్రవారమో సోమవారమో అయ్యేలా చూసుకోండి. వాట్కిన్స్ కంపెనీ భవనంలోని రంగు అద్దంలో మీరు ఎక్కిన షుగర్ లోఫ్ కొండే ఉంటుంది. ఇంటింటికీ తిరిగి లేపనాలు, వెనిల్లా, మిరియాలు అమ్మించిన కంపెనీ అది, 1885లో ఈ ఊరికి వచ్చింది. వాళ్ల మ్యూజియం చిన్నది, అరగంట చాలు.

అడవులు అయిపోయాయి, మిల్లులు మూతపడ్డాయి, ఊరు మాత్రం నదిని వదల్లేదు. ఒడ్డునే 2006లో తెరిచిన మిన్నెసోటా మెరైన్ ఆర్ట్ మ్యూజియం ఉంది. సముద్రం వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న ఊళ్లో నీటి బొమ్మల కోసమే ఒక మ్యూజియం. ఎండ మండే మధ్యాహ్నం రెండు గంటలు దీనికి కేటాయించండి. పిల్లలకి విసుగొస్తే బయట తోటలోంచి బార్జీలు చూడవచ్చు. ఎండాకాలంలో వస్తే సాయంత్రం గ్రేట్ రివర్ షేక్‌స్పియర్ ఫెస్టివల్ నాటకానికి టిక్కెట్టు తీసుకోండి, 2004 నుంచి జరుగుతోంది. పాత ఇంగ్లీషు అర్థం కాదేమోనని టెన్షన్ వద్దు. బయల్దేరే ముందు ఇంట్లో అందరూ కథ ఒకసారి చెప్పుకుని వెళ్తే చాలు, సురభి నాటకానికి కథ తెలిసే కదా వెళ్తాం. మొదటిసారికి విషాదం కన్నా హాస్య నాటకం ఎంచుకోండి.

ఇక చిన్న సరదాలు. పొద్దున్నే బ్లోడోస్ బేకరీ, 1924 నుంచి ఉంది, డోనట్లు తొందరగా అయిపోతాయి. చెరువు ఎదురుగా లేక్‌వ్యూ డ్రైవ్ ఇన్, 1938 నుంచి, చలికాలంలో మూసేస్తారు. అక్కడ సొంతంగా చేసే రూట్ బీర్ ప్రసిద్ధి. పేరులో బీర్ ఉన్నా మద్యం కాదని పెద్దవాళ్లకి ముందే చెప్పండి. మొదటి గుక్కలో నొప్పుల మందు వాసన వస్తుంది, మూడో గుక్కకి అలవాటవుతుంది.

వెంట పెద్దవాళ్లుంటే వాళ్లని ప్రతి చోటికీ తిప్పకండి. గార్విన్ హైట్స్, ట్రెంపలో లాక్, లేక్ వినోనా చుట్టూ చదునైన దారి మీద ఓపికున్నంత నడక, ఈ మూడూ చాలు. చెరువు చుట్టూ మొత్తం తిరిగితే అయిదు మైళ్ల పైన అవుతుంది, మధ్యమధ్య బెంచీలున్నాయి. సాయంత్రం అక్కడ కూర్చోబెడితే దారిన పోయేవాళ్లు ఆగి పలకరిస్తారు. మా అమ్మకి ఇంగ్లీషు రాదు. కుక్కని తిప్పుకుంటూ వచ్చిన ఒక పెద్దావిడ పక్కన కూర్చుని, కొండ వైపు వేలు చూపించి, తను చిన్నప్పుడు అక్కడికి ఎక్కినట్టు చేతులతో చెప్పింది. అమ్మ తన ఊరి కొండ గురించి తెలుగులోనే చెప్పింది. దీపాలు వెలిగేదాకా ఇద్దరూ లేవలేదు.